బ్లాక్ ఫారెస్ట్ నుంచి ఆల్ప్స్ దాకా దంపతుల కారు ప్రయాణం: తరచుగా అడిగే ప్రశ్నలు

జర్మనీలోని బ్లాక్ ఫారెస్ట్‌లో మొదలై, ఆస్ట్రియా మీదుగా ఇటలీలోని డోలమైట్స్ పర్వతాలకు వెళ్లి, గ్రోస్‌గ్లాక్నర్ ఘాట్ రోడ్డు ఎక్కి దిగి మ్యూనిక్ చేరే కారు ప్రయాణం గురించి తెలుగు దంపతులు సాధారణంగా అడిగే ప్రశ్నలకు ఇవి సమాధానాలు. హైదరాబాద్, విజయవాడ, విశాఖల నుంచి వెళ్లేవారితో పాటు, జర్మనీలో ఉద్యోగాలు చేసుకుంటూ సెలవుల్లో బయల్దేరాలనుకునే మనవాళ్లను కూడా దృష్టిలో పెట్టుకొని రాశాం. రుసుములు, రోడ్లు తెరిచే తేదీలు ఏటా మారుతుంటాయి కాబట్టి, ప్రయాణానికి ముందు వాటిని ఒకసారి సరిచూసుకోవాలి.

ఐరోపాలో ఇన్ని పర్వతాలూ అడవులూ ఉండగా ఈ దారినే ఎందుకు ఎంచుకోవాలి?

ఒకే ప్రయాణంలో రెండు పూర్తిగా భిన్నమైన ప్రకృతులు కనిపించే దారి ఇది. మొదటి సగంలో దట్టమైన అడవి, చిన్న సరస్సులు, మెల్లగా లేచి పడే కొండలు. రెండో సగంలో నిట్టనిలువు సున్నపురాతి గోడలు, హిమానీనదాలు, 2,000 మీటర్ల పైన సాగే కనుమ దారులు. ఫ్రాంక్‌ఫర్ట్‌లో కారు తీసుకుంటే బాడెన్-బాడెన్, ఫ్రాయిడెన్‌స్టాట్, ట్రిబెర్గ్, టిటిజే మీదుగా కాన్‌స్టన్స్ సరస్సు ఉత్తర తీరం వెంట లిండావుకు, అక్కడి నుంచి ఆర్ల్‌బెర్గ్, ఇన్స్‌బ్రుక్, బ్రెన్నర్ కనుమ దాటి బోల్జానోకు వెళ్లవచ్చు. తరువాత కోర్టినా, లియెంజ్, హైలిగెన్‌బ్లూట్, జెల్ ఆమ్ జే, బెర్ఖ్‌టెస్‌గాడెన్ మీదుగా మ్యూనిక్ చేరుతారు. మొత్తం దూరం సుమారు 1,400 కిలోమీటర్లు. మరో సౌలభ్యం కూడా ఉంది. కారు తీసుకునే నగరం, అప్పగించే నగరం రెండూ జర్మనీలోనే ఉంటాయి కాబట్టి, ఒక దేశంలో తీసుకొని మరో దేశంలో వదిలేవారు కట్టే భారీ అదనపు రుసుము మీకు తప్పుతుంది.

1,400 కిలోమీటర్లే కదా, వారం రోజులు చాలవా?

చాలవు. హైదరాబాద్ నుంచి విజయవాడకు నాలుగైదు గంటలు పడుతుందన్న లెక్కను ఈ కొండదారులకు వర్తింపజేయకూడదు. బోల్జానో నుంచి కోర్టినాకు కనుమల మీదుగా దూరం 110 కిలోమీటర్లే అయినా, ఎక్కడా దిగకుండా వెళ్తేనే మూడు గంటలు పడుతుంది. ప్రతి మలుపు తరువాతా ఆగాలనిపించే దారి అది, కాబట్టి ఆ 110 కిలోమీటర్లకు ఒక రోజంతా కేటాయించడమే సబబు. పన్నెండు నుంచి పద్నాలుగు రోజులు పెట్టుకోండి. అంత సెలవు దొరకకపోతే అడవినో పర్వతాలనో ఒక్కదాన్నే ఎంచుకోండి గానీ, రెండింటినీ వారంలో కుదించకండి. చాలా జంటల ప్రయాణం పాడయ్యేది డబ్బు చాలకనో వాన పడో కాదు. పొద్దున ఎనిమిదింటికి బయల్దేరి రాత్రి ఎనిమిదింటికి గది చేరే రోజులు వరసగా నాలుగు వచ్చేసరికి, అలసటతో ఒకరి మాట ఒకరికి రుచించకపోవడం వల్ల పాడవుతుంది. రోజుకు మూడు, నాలుగు గంటలకు మించి డ్రైవింగ్ పెట్టుకోకుండా, ఒక్కో చోట కనీసం రెండు రాత్రులు ఉండేలా చూసుకుంటే ఆ పరిస్థితి రాదు.

ఏ నెలల్లో వెళ్లాలి?

సెప్టెంబరు మొదటి వారం నుంచి అక్టోబరు మొదటి వారం దాకా ఉన్న కాలమే మా దృష్టిలో అన్నిటికన్నా మంచిది. కనుమలన్నీ తెరిచి ఉంటాయి, జులై, ఆగస్టుల రద్దీ తగ్గుతుంది, గాలి తేటపడి దూరపు శిఖరాలు కూడా స్పష్టంగా కనిపిస్తాయి. దసరా సెలవులు తరచు ఈ రోజుల్లోనే రావడం ఉద్యోగస్తులకు కలిసివస్తుంది. పైగా సెప్టెంబరులో, వేసవి అంతా ఎత్తైన పచ్చికబయళ్లలో మేసిన ఆవులను లోయల్లోకి దించుతారు. ఆ వేసవి పశువులకు ఏ ప్రమాదమూ జరగకపోతే వాటి కొమ్ములకు, తలలకు పూలూ రిబ్బన్లూ కట్టి, మెడలో పెద్ద గంటలు వేసి ఊళ్ల గుండా నడిపిస్తారు. ఆ ఊరేగింపు ఎదురైతే ఇంజిన్ ఆపి పక్కన నిలపండి. మందకు ముందు నడిచే ఆవు మెడలోని గంట బిందెడంత ఉంటుంది, అది కారు అద్దం పక్కగా సాగుతుంటే ఆ మోత గుండెల్లో తెలుస్తుంది.

మే నెలలో వెళ్తే ఎత్తైన కనుమల్లో మంచు ఇంకా మిగిలి ఉండవచ్చు. నవంబరు నుంచి ఏప్రిల్ దాకా గ్రోస్‌గ్లాక్నర్ రోడ్డు పూర్తిగా మూసి ఉంటుంది. శీతాకాలపు టైర్లు, గొలుసులు, మంచులో బండి నడిపిన అలవాటు లేనివారు ఆ నెలల్లో ఈ దారి పెట్టుకోకపోవడమే మంచిది.

మూడు దేశాలు తిరుగుతాం కదా, వీసాకు ఎవరికి దరఖాస్తు చేయాలి?

జర్మనీ, ఆస్ట్రియా, ఇటలీ మూడూ షెంగెన్ ప్రాంతంలోనివే కాబట్టి ఒక్క వీసా సరిపోతుంది. ఏ దేశంలో ఎక్కువ రాత్రులు ఉంటారో ఆ దేశానికే దరఖాస్తు చేయాలి. రాత్రులు సమానమైతే మొదట అడుగుపెట్టే దేశానికి. కాబట్టి హోటళ్లు బుక్ చేసే ముందే రాత్రుల లెక్క తేల్చుకోండి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేయవచ్చు, 15 రోజుల కన్నా ఆలస్యం కాకూడదు. వేసవిలో అపాయింట్‌మెంట్లు దొరకడమే కష్టం కాబట్టి కనీసం రెండు, మూడు నెలల ముందు మొదలుపెట్టాలి. పెద్దలకు రుసుము 2024 జూన్ నుంచి 90 యూరోలు. కనీసం 30,000 యూరోల వైద్యఖర్చులు భరించే ప్రయాణ బీమా తప్పనిసరి. పెళ్లి తరువాత పాస్‌పోర్టులో ఇంటిపేరు మార్చుకోని భార్యాభర్తలు విడివిడి దరఖాస్తులకు వివాహ ధ్రువపత్రం జతచేస్తే సంబంధం విషయంలో ప్రశ్నలు రావు. 2025 అక్టోబరులో మొదలైన కొత్త విధానం ప్రకారం సరిహద్దులో పాస్‌పోర్టు మీద ముద్రకు బదులు వేలిముద్రలు, ఫొటో తీసుకుంటున్నారు. అందుకు కొంత సమయం పడుతుంది కాబట్టి విమానం దిగిన గంటకే కారు తీసుకునేలా బుక్ చేయకండి.

మన డ్రైవింగ్ లైసెన్సు అక్కడ చెల్లుతుందా?

మన లైసెన్సుతో పాటు అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ కూడా ఉండాలి. దాన్ని మన రవాణా శాఖ కార్యాలయమే ఇస్తుంది, ఏడాది పాటు చెల్లుతుంది. అది అసలు లైసెన్సుకు తోడు పత్రమే గానీ ప్రత్యామ్నాయం కాదు కాబట్టి రెండూ దగ్గర ఉంచుకోవాలి. ఫోనులో చూపించే డిజిటల్ ప్రతి సరిపోదు, కార్డు వెంట ఉండాల్సిందే. జర్మనీలో స్థిరపడినవారి సంగతి వేరు: అక్కడ నివాసం ఏర్పడిన ఆరు నెలల తరువాత భారతీయ లైసెన్సు చెల్లదు, జర్మన్ లైసెన్సు తీసుకోవాలి.

కారు అద్దెకు తీసుకునేటప్పుడు దేన్ని గమనించాలి?

ప్రధాన డ్రైవరు పేరు మీద క్రెడిట్ కార్డు ఉండాలి, డిపాజిట్‌ను దాని మీదే ఆపుతారు. చాలా సంస్థలు దీనికి డెబిట్ కార్డును అంగీకరించవు. భర్త పేరున బుకింగ్, భార్య పేరున కార్డు అంటే కౌంటరు దగ్గరే ఆగిపోతారు. ఆటోమేటిక్ గేరు కావాలంటే ముందుగానే అడగాలి, లేకపోతే మామూలుగా దొరికేది మాన్యువలే. కుడిచేత్తో గేరు మార్చడం మనకు అలవాటు లేదు కాబట్టి, కొంచెం ఖర్చయినా ఆటోమేటిక్ తీసుకోవడం నయం. ఆస్ట్రియా, ఇటలీలకు వెళ్తున్నామని చెప్పి, అనుమతి ఒప్పందంలో రాయించుకోండి. బీమాలో మన చేతి నుంచి పోయే మొత్తం ఎంతో చూసుకోండి. టైర్లు, అద్దాలు, కారు అడుగుభాగం దాని పరిధిలోకి వస్తాయో లేదో తెలుసుకోండి, కొండదారుల్లో దెబ్బతినేవి ముఖ్యంగా అవే. ఇద్దరికి, రెండు పెట్టెలకు చిన్న కారే చాలు. ఇరుకు కనుమల్లో ఎదురుగా బస్సు వచ్చినప్పుడు చిన్న కారు విలువ తెలుస్తుంది.

కుడివైపు డ్రైవింగ్ ఎంత కష్టం?

తిన్నని రోడ్డు మీద అరగంటలో అలవాటవుతుంది. పొరపాటు జరిగేది మూడు సందర్భాల్లో: పెట్రోలు బంకు నుంచో పార్కింగ్ నుంచో ఖాళీ రోడ్డు మీదికి వచ్చేటప్పుడు, ఎడమకు తిరిగేటప్పుడు, ఇరుకు దారిలో ఎదుటి వాహనం హఠాత్తుగా కనిపించినప్పుడు. పక్కన కూర్చున్నవారు ఆ మూడు చోట్లా "కుడి" అని పైకి అనడం అలవాటు చేసుకుంటే చాలు. రౌండబౌట్లలో వాహనాలు గడియారపు ముల్లుకు వ్యతిరేక దిశలో తిరుగుతాయి.

మనవాళ్లకు అసలు కొత్త సంగతి మరొకటి ఉంది. ఏ గుర్తూ లేని కూడలిలో కుడివైపు నుంచి వచ్చే వాహనానికి, అది ఎంత చిన్న సందులోంచి వచ్చినా, దారి ఇవ్వాలి. పసుపుపచ్చ వజ్రాకారపు బోర్డు కనిపిస్తే మీ రోడ్డుకే ప్రాధాన్యం ఉందని అర్థం. జర్మనీ, ఆస్ట్రియాల్లో పెద్ద రోడ్ల మీద ట్రాఫిక్ నిలిచిపోతే ఎడమ వరసలోని వాహనాలు ఎడమ అంచుకు, మిగతావన్నీ కుడికి జరిగి మధ్యలో అంబులెన్సుకు దారి వదలాలి. ఇది చట్టం, అంబులెన్సు వచ్చాక కాదు, ట్రాఫిక్ ఆగుతుండగానే చేయాలి.

తిరుమల, శ్రీశైలం ఘాట్ రోడ్ల మీద నడిపాం. ఆ అనుభవం సరిపోతుందా?

ఆ అనుభవం పనికొస్తుంది గానీ పూర్తిగా సరిపోదు. తిరుమలలో ఎక్కే దారి వేరు, దిగే దారి వేరు. ఎదురుగా వాహనం వస్తుందన్న చింత ఉండదు. ఆల్ప్స్ కనుమల్లో ఒకే రోడ్డు మీద రెండు వైపుల నుంచీ కార్లు, బస్సులు, బృందాలుగా మోటారు సైకిళ్లు, వాటి మధ్య సొంత కాళ్ల బలంతో ఎక్కే సైకిలు యాత్రికులు ఉంటారు. సైకిలును దాటేటప్పుడు ఊరి బయట జర్మనీలో రెండు మీటర్ల ఎడం వదలాలి. ఆ ఎడం లేకపోతే మలుపు దాటేదాకా దాని వెనకే ఓపికగా వెళ్లాలి. మన ఘాట్లలో మలుపు మలుపుకూ హారన్ కొట్టడం మర్యాద, అక్కడ అవసరం లేకుండా కొడితే తప్పు.

దిగడమే అసలు పరీక్ష. గ్రోస్‌గ్లాక్నర్ రోడ్డులో వాలు 12 శాతం దాకా ఉంటుంది, అలాంటి చోట బ్రేకు మీద కాలు పెట్టి కిలోమీటర్ల కొద్దీ దిగితే బ్రేకులు వేడెక్కి పట్టు కోల్పోతాయి. ఏ గేరులో ఎక్కగలిగారో ఆ గేరులోనే దిగాలి. ఆటోమేటిక్ కారులో లివరును మాన్యువల్ పద్ధతికి మార్చి రెండో గేరులో ఉంచితే ఇంజినే బండిని పట్టి ఉంచుతుంది. మలుపు ముందు గట్టిగా ఒకసారి బ్రేకు వేసి వదిలేయండి, సన్నగా నొక్కి పట్టుకోకండి. కాలిన వాసన వస్తే పక్కకు ఆపి బ్రేకులు చల్లారనివ్వాలి, వాటి మీద నీళ్లు పోయకూడదు. ఇరుకు చోట రెండు వాహనాలు ఎదురైతే, సాధారణంగా దిగే వాహనం ఆగి ఎక్కే వాహనానికి దారి ఇస్తుంది. వెనక నాలుగు కార్లు చేరితే సిగ్గుపడి వేగం పెంచవద్దు, మొదటి వెడల్పాటి చోట పక్కకు తప్పుకొని వాటిని పోనివ్వండి.

టోల్ ఎక్కడెక్కడ, ఎలా కట్టాలి?

జర్మనీలో కార్లకు టోల్ లేదు. ఆస్ట్రియాలో మోటార్‌వే ఎక్కే ముందు విన్యెట్ అనే చందా కొనాలి. ఒక రోజు, పది రోజులు, రెండు నెలలు, ఏడాది పాటు చెల్లేవి దొరుకుతాయి. దాన్ని కారు నంబరు మీద ఆన్‌లైన్‌లో తీసుకోవచ్చు. ఈ ప్రయాణానికి పది రోజులదే చాలు గానీ, మొదటిసారి ఆస్ట్రియాలోకి వచ్చిన నాటి నుంచి గ్లాక్నర్ దాటి వెళ్లేవరకు ఎన్ని రోజులవుతుందో లెక్క చూసుకోండి. అది ఉన్నా ఆర్ల్‌బెర్గ్ సొరంగానికి, బ్రెన్నర్ మోటార్‌వేకు విడిగా చెల్లించాలి. ఆర్ల్‌బెర్గ్ సొరంగం దాదాపు 14 కిలోమీటర్ల పొడవు. వాతావరణం బాగుంటే దాని బదులు 1,793 మీటర్ల ఎత్తున ఉన్న పాత కనుమ రోడ్డు ఎంచుకోండి, రుసుమూ ఉండదు, కళ్లకూ పండగే. బ్రెన్నర్ మోటార్‌వే మీది లూగ్ వంతెన పునర్నిర్మాణం వల్ల 2025 నుంచి అక్కడ రద్దీ పెరిగింది కాబట్టి శనివారాలు ఆ దారిన వెళ్లకుండా చూసుకోండి. ఇటలీలో మోటార్‌వే ఎక్కేచోట చీటీ తీసుకొని, దిగేచోట డబ్బు కట్టాలి. స్విట్జర్లాండ్ వైపు తిరగాలనుకుంటే అక్కడ ఏడాది విన్యెట్ ఒక్కటే ఉంది, 40 ఫ్రాంకులు.

బ్లాక్ ఫారెస్ట్‌లో చూడవలసినవేమిటి?

పేరున్న స్థలాల కన్నా దారే ముఖ్యం. బాడెన్-బాడెన్ నుంచి ఫ్రాయిడెన్‌స్టాట్ దాకా కొండల నెత్తి మీదుగా సుమారు 60 కిలోమీటర్లు సాగే బీ500 రోడ్డు, జర్మనీలోని పాత విహార రహదారుల్లో ఒకటి. దాని మీద 1,036 మీటర్ల ఎత్తున ముమ్మెల్‌జే అనే చిన్న సరస్సు ఉంది. పగటిపూట టూరిస్టు బస్సులతో నిండిపోతుంది గానీ, ఉదయం ఎనిమిది లోపు వెళ్తే నీళ్లు నల్లగా, కదలిక లేకుండా, చుట్టూ నిలబడిన చెట్ల నీడలతో ఉంటాయి. అక్కడి నుంచి హోర్నిస్‌గ్రిండె శిఖరానికి నడిచి ఎక్కవచ్చు, 1,164 మీటర్లు, ఉత్తర బ్లాక్ ఫారెస్ట్‌లో అదే ఎత్తైనది. ఆకాశం నిర్మలంగా ఉంటే పడమట రైన్ మైదానం, దాని ఆవల ఫ్రాన్స్‌లోని వోజ్ కొండలు కనిపిస్తాయి.

ట్రిబెర్గ్ జలపాతం మొత్తం 163 మీటర్లు దిగుతుంది. ఒక్క దూకుగా కాక మెట్లు మెట్లుగా, అడవి మధ్య నుంచి పడుతుంది. టిటిజే సరస్సు ఒడ్డున దుకాణాలు ఎక్కువ, ప్రశాంతత కావాలనుకునే జంటలు దగ్గర్లోనే ఉన్న ష్లుక్‌జేకు వెళ్లడం మేలు. దక్షిణాన ఫెల్డ్‌బెర్గ్ శిఖరం 1,493 మీటర్లు, మొత్తం బ్లాక్ ఫారెస్ట్‌కు అదే నెత్తి. నదుల మీద ఆసక్తి ఉన్నవారు డోనావెషింగెన్‌లో ఆగాలి. అక్కడ బ్రిగాఖ్, బ్రెగ్ అనే రెండు చిన్న ఏర్లు కలిసి డాన్యూబ్ నదిగా మారతాయి. నల్లసముద్రం దాకా దాదాపు 2,850 కిలోమీటర్లు పోయే ఆ నది అక్కడ మన ఊరి కాలువంతే ఉంటుంది.

దారి పొడవునా కొన్ని కొండవాలులు ఎందుకు బోడిగా, ఎండిన మొద్దులతో ఉన్నాయి?

ఈ ప్రశ్న అడిగేవారు అడవిని నిజంగా చూస్తున్నవారు. 1999 డిసెంబరు 26న లోథార్ అనే తుఫాను బ్లాక్ ఫారెస్ట్ మీద విరుచుకుపడి కొన్ని గంటల్లో లెక్కలేనన్ని చెట్లను కూల్చింది. పూర్వం ఇక్కడ బీచ్, సిల్వర్ ఫర్ చెట్లు కలిసి పెరిగేవి. శతాబ్దాల పాటు ఆ కలపను నరికి, తెప్పలుగా కట్టి, రైన్ నదిలో నెదర్లాండ్స్ దాకా తేల్చి అమ్మారు. తరువాత ఖాళీ అయిన నేలలో త్వరగా పెరిగే స్ప్రూస్ ఒక్కటే వరసలు వరసలుగా నాటారు. స్ప్రూస్ వేర్లు లోతుకు పోవు, అందుకే పెనుగాలికి మొత్తం వాలు ఒకేసారి ఒరిగింది. బీ500 పక్కనే అలా కూలిన సుమారు పది హెక్టార్లను ఎవరూ ముట్టుకోకుండా వదిలేసి, మధ్యలో చెక్కమెట్లతో, వంతెనలతో 800 మీటర్ల నడకదారి వేశారు. దాన్నే లోథార్ బాట అంటారు. పడిన మొద్దుల మీదే, వాటి కుళ్లు నుంచే మొలిచిన రకరకాల చెట్లు ఇప్పుడు మనిషిని మించి ఎదిగాయి. మనిషి చేయి పెట్టకపోతే అడవి ఏం చేసుకుంటుందో చూపే చోటు ఈ మొత్తం దారిలో అంతకు మించింది లేదు. 2014లో ఏర్పడిన బ్లాక్ ఫారెస్ట్ జాతీయ ఉద్యానం కూడా ఆ ఆలోచన మీదే నడుస్తోంది.

డోలమైట్స్‌లోనూ ఇదే కథ. 2018 అక్టోబరు చివర వచ్చిన వాయా తుఫాను లక్షలాది చెట్లను పడగొట్టింది. మిగిలినవాటిలో చాలావాటిని తరువాతి ఏళ్లలో బెరడు తొలిచే పురుగు తినేసింది. కరెజ్జా సరస్సు చుట్టూ పాత ఫొటోల్లో కనిపించే దట్టమైన అడవి ఇప్పుడు చాలావరకు లేదు. ఆకుపచ్చ నీళ్లు, వెనక లాటెమార్ శిఖరాలు మాత్రం అలాగే ఉన్నాయి. ఫొటో కోసం వెళ్లి నిరాశపడేవారున్నారు. ఆ వాలు మీద మళ్లీ లేస్తున్న చిన్న చెట్లను చూడటానికి వెళ్లమని మా మనవి.

డోలమైట్స్‌లో ఏ దారి మంచిది? ముందుగా బుక్ చేయవలసినవి ఏమైనా ఉన్నాయా?

బోల్జానో నుంచి కరెజ్జా, కోస్టలుంగా కనుమ, కనజెయ్, పోర్డోయ్ కనుమ, అరబ్బా, ఫల్జారెగో కనుమల మీదుగా కోర్టినా చేరేదే మహా డోలమైట్ రోడ్డు. 1909లో పూర్తయింది. పోర్డోయ్ 2,239 మీటర్లు, ఫల్జారెగో 2,105 మీటర్లు. పోర్డోయ్ ఎక్కేటప్పుడు ప్రతి వంపు దగ్గరా ఆ వంపు సంఖ్య, ఎత్తు రాసిన చిన్న బోర్డు ఉంటుంది. పక్కన కూర్చున్నవారు వాటిని చదువుతూ ఉంటే నడిపేవారికి ఇంకెన్ని మిగిలాయో తెలుస్తుంది, వారికీ చేతికి పని దొరుకుతుంది. అరబ్బా నుంచి నేరుగా కోర్టినాకు పోకుండా సెల్లా, గార్డెనా, కంపొలొంగో కనుమలతో సెల్లా పర్వతం చుట్టూ ప్రదక్షిణగా తిరగడానికి మరో రోజు పెట్టుకుంటే ఇంకా మంచిది. జూన్‌లోనూ సెప్టెంబరులోనూ ఏదో ఒక రోజు ఈ కనుమలను సైకిళ్ల కోసం మోటారు వాహనాలకు మూసేస్తారు, ఆ తేదీలు ముందే చూసుకోండి.

2009లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరిన ఈ పర్వతాలు సూర్యాస్తమయ వేళ గులాబీ రంగులోకి, ఆపైన ఎర్రగా మారతాయి. ఆ సమయానికి రోడ్డు మీద కాక, ఏదో ఒక కనుమ దగ్గర గది తీసుకొని ఉండాలి. డబ్బు ఎక్కడైనా కొంచెం ఎక్కువ పెట్టదలిస్తే ఈ ఒక్క రాత్రికి పెట్టండి.

బుకింగుల విషయానికి వస్తే, బ్రాయెస్ సరస్సుకు వేసవి రద్దీ కాలంలో పగటిపూట సొంత కారులో వెళ్లాలంటే ముందస్తు రిజర్వేషన్ ఉండాలి. మూడు శిఖరాలుగా పేరుపడ్డ త్రే చీమె దగ్గరికి వెళ్లే టోల్ రోడ్డుకు కూడా 2025 నుంచి ఆన్‌లైన్‌లో ముందే స్లాటు తీసుకోవాలి.

గ్రోస్‌గ్లాక్నర్ రోడ్డుకు అంత రుసుము పెట్టి వెళ్లడం అవసరమా?

ఒక కారుకు ఒక రోజుకు 40 యూరోలకు పైగా తీసుకుంటారు, తక్కువేమీ కాదు. అయినా ఆకాశం తేటగా ఉన్న రోజున వెళ్తే పూర్తిగా సార్థకం. మబ్బు పట్టిన రోజున వెళ్తే రోడ్డుకు కట్టినదంతా వృథా. అందుకే లియెంజ్ దగ్గర రెండు రాత్రులు ఉంచుకొని, రెండింటిలో మంచి రోజును ఎంచుకోమని చెబుతున్నాం. 1930లో పని మొదలై 1935లో తెరుచుకున్న ఈ రోడ్డు 48 కిలోమీటర్లు, 36 వంపులు, హోఖ్‌టోర్ కనుమ దగ్గర ఎత్తు 2,504 మీటర్లు. రూపకర్త ఇంజినీరు ఫ్రాంజ్ వాలక్. రాత్రిపూట మూసేస్తారు, మామూలుగా మే మొదట్లో తెరిచి నవంబరు మొదట్లో ఆపేస్తారు.

ప్రధాన దారి నుంచి విడివడి కైజర్ ఫ్రాంజ్ యోసెఫ్ హోహె అనే ఎత్తైన చోటు దాకా తప్పక వెళ్లండి. 1856లో ఆస్ట్రియా చక్రవర్తి ఫ్రాంజ్ యోసెఫ్, భార్య ఎలిజబెత్‌తో కలిసి వచ్చినందుకు ఆ చోటుకు ఆ పేరు వచ్చింది. ఎదురుగా 3,798 మీటర్ల గ్రోస్‌గ్లాక్నర్, ఆస్ట్రియాలో ఎత్తైన శిఖరం. కింద పాస్టెర్జె, ఆ దేశపు అతిపెద్ద హిమానీనదం. ఆ దంపతులు చూసినప్పుడు మంచు చాలా పైదాకా నిండి ఉండేది. ఇప్పుడు కింద బూడిద రంగు రాళ్లూ, కరిగిన నీటి మడుగూ, వాటికి అవతల కుంచించుకుపోయిన మంచు కనిపిస్తాయి. రెయిలింగ్ దగ్గర నిలబడి ఆ తేడాను కళ్లతో కొలుచుకోవడం బాధ కలిగిస్తుంది, కానీ చూడవలసిన దృశ్యమే.

ఇద్దరిలో ఒక్కరికే డ్రైవింగ్ వస్తే?

వెళ్లవచ్చు. అయితే రెండో మనిషిని ప్రయాణికురాలిగానో ప్రయాణికుడిగానో కాక, దారి చూపే బాధ్యత ఉన్నవారిగా లెక్కించాలి. మ్యాపు, పార్కింగ్, విన్యెట్ తేదీలు, తరువాత ఆగే చోటు వారి చేతిలో ఉండాలి. కనుమల్లో నెట్‌వర్క్ పోతుంది కాబట్టి మ్యాపులు ముందే డౌన్‌లోడ్ చేసుకోవాలి. నడిపేవారు దృశ్యాలను చూడలేరన్నది మరచిపోకండి. ప్రతి అరగంటకూ ఒకసారి ఆగితే ఇద్దరూ సమానంగా చూసినట్టవుతుంది. ఇద్దరికీ వస్తే రెండో డ్రైవరు పేరు ఒప్పందంలో రాయించి రుసుము కట్టండి, అలా రాయించకుండా నడిపితే బీమా వర్తించదు.

మలుపుల్లో తల తిరిగి వాంతులవుతాయి. ఏం చేయాలి?

ముందు సీట్లో కూర్చొని దూరపు రోడ్డును చూడాలి, ఫోను చూడకూడదు. బయల్దేరే ముందు కడుపు నిండా తినకూడదు, ఖాళీగానూ ఉండకూడదు. మాత్ర వేసుకునేవారు డాక్టరును అడిగి మన దగ్గర నుంచే తీసుకెళ్లాలి. అవి మత్తు తెప్పిస్తాయి కాబట్టి నడిపేవారు వేసుకోకూడదు.

శాకాహారులకు భోజనం దొరుకుతుందా? ఇంటి నుంచి ఏం తీసుకెళ్లవచ్చు?

దొరుకుతుంది, కానీ అడిగి తినాలి. కూరగాయల సూపు అన్నది కూడా మాంసపు రసంతో చేసి ఉండవచ్చు. జున్నుతో చేసే ష్పెట్సిలె, టిరోల్‌లోని రొట్టె ఉండలు క్నోడెల్ రుచిగా ఉంటాయి గానీ రెండింటిలోనూ గుడ్డు ఉంటుంది, క్నోడెల్‌లో కొన్నిచోట్ల పంది మాంసం ముక్కలు వేస్తారు. బ్లాక్ ఫారెస్ట్ కేకులో చెర్రీ సారాయి పోస్తారు, మద్యం ముట్టనివారు ముందే తెలుసుకోవాలి. ఇటలీలోకి వచ్చాక పాస్తా, మొక్కజొన్న పిండితో చేసే పొలెంటా, పుట్టగొడుగులతో ఇబ్బంది తగ్గుతుంది.

వంటగది ఉన్న అపార్ట్‌మెంట్లు రెండు, మూడు చోట్ల తీసుకుంటే అన్నం, చారు చేసుకోవచ్చు. బియ్యం, కందిపప్పు అక్కడి పెద్ద పట్టణాల్లో దొరుకుతాయి. నూనెలో ఊరిన ఆవకాయ, కారప్పొడులు తీసుకెళ్లవచ్చు. పాలతో చేసినవి, మాంసం బయటి దేశాల నుంచి ఐరోపా సమాఖ్యలోకి సొంత సామానులో తేకూడదు, అంటే నెయ్యి, కోవా, మాంసం పచ్చళ్లు ఇంట్లోనే వదలాలి. పచ్చి కరివేపాకు, పచ్చిమిర్చి కూడా ధ్రువపత్రం లేకుండా తేకూడదు. కరివేపాకు ఎండబెట్టి పొడి చేసుకోండి.

జర్మనీ, ఆస్ట్రియాల్లో ఆదివారం దుకాణాలు మూసి ఉంటాయి. శనివారం సాయంత్రానికే పాలు, కూరగాయలు కొనాలి.

అడవిలో గుడారం వేసుకోవచ్చా?

అడవిలో గుడారం వేయడం ఈ మూడు దేశాల్లోనూ సాధారణంగా నిషేధం, జరిమానా ఉంటుంది. మంట అసలు వేయకూడదు. క్యాంపింగ్ స్థలాలు శుభ్రంగా, స్నానాల గదులతో ఉంటాయి, వాటినే వాడుకోండి. అంతకన్నా మంచిది, పల్లెల్లో కుటుంబాలు నడిపే అతిథి గృహాలు. పొద్దున పెట్టే ఫలహారంతో మధ్యాహ్నం దాకా గడిచిపోతుంది.

అడవిలో నడిచేటప్పుడు భయపడవలసినవి ఉన్నాయా?

పెద్ద జంతువుల కన్నా చిన్న పురుగు గురించే ఎక్కువ జాగ్రత్త పడాలి. బ్లాక్ ఫారెస్ట్‌తో సహా దక్షిణ జర్మనీలోనూ ఆస్ట్రియాలోనూ గడ్డిలో ఉండే పిడుదులు లైమ్ వ్యాధిని, మెదడువాపును వ్యాపింపజేస్తాయి. కాళ్లు కప్పే ప్యాంటు వేసుకొని, సాయంత్రం గదిలో ఒకరి మెడ, మోకాళ్ల వెనక, జుట్టు అంచులు ఒకరు వెతకాలి. కనిపిస్తే సన్నని పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకొని నిటారుగా లాగేయాలి, నూనె రాయకూడదు. మెదడువాపుకు టీకా ఉంది, కొన్ని మోతాదులు కావాలి కాబట్టి ముందే డాక్టరుతో మాట్లాడండి. పచ్చికబయళ్లలో దూడలున్న ఆవుల దగ్గరికి ఫొటో కోసం వెళ్లకండి. మన పశువుల్లా మనుషులకు మాలిమి అయినవని అనుకోవద్దు, దూడ కోసం అవి మీదికి వస్తాయి.

పెట్రోలు పోయించుకోవడం ఎలా?

చాలాచోట్ల మనమే పట్టుకోవాలి. ఇటలీలో "గసోలియో" అని రాసి ఉన్నది డీజిల్, "బెంజీనా" పెట్రోలు; ఈ రెండూ తారుమారైతే ఇంజిన్ పాడవుతుంది. మోటార్‌వే మీది బంకుల్లో ధర ఎక్కువ, ఊళ్లోకి దిగి పోయించుకోండి.

ప్రమాదమో, అనారోగ్యమో వస్తే?

మూడు దేశాల్లోనూ 112కు ఫోను చేయాలి, ఆస్ట్రియాలో పర్వత రక్షణకు 140 కూడా ఉంది. కారు ఆగిపోతే ముందు మెరిసే చొక్కా తొడుక్కొని దిగాలి, అది డిక్కీలో కాక సీట్ల దగ్గర ఉండాలి. నడకదారుల్లో చిక్కుకొని సిగ్నల్ లేకపోతే నిమిషంలో ఆరుసార్లు ఈల వేసి లేదా టార్చి వెలిగించి, ఒక నిమిషం ఆగి మళ్లీ చేయాలి. ఆల్ప్స్ అంతటా ఇది సహాయం కోరే గుర్తు. హెలికాప్టరు రక్షణ ఖర్చు వేల యూరోలలో ఉంటుంది, మీ బీమా దాన్ని భరిస్తుందో లేదో పత్రంలో చదివి తెలుసుకోండి.

కారు అప్పగించాక జరిమానాలు వస్తాయంటారు, నిజమేనా?

నిజమే, నెలల తరువాత కూడా వస్తాయి. ఇటలీ పట్టణాల పాత వీధుల్లోకి బయటి కార్లను రానివ్వరు. ఎర్ర వలయం గుర్తున్న ఆ హద్దు దాటితే కెమెరా ఫొటో తీస్తుంది, పోలీసులు అద్దె సంస్థ నుంచి మీ చిరునామా తీసుకుంటారు, సంస్థ తన సేవా రుసుము వేరుగా మీ కార్డు మీద వేస్తుంది. బోల్జానోలో గది తీసుకుంటే కారు ఎక్కడ పెట్టాలో హోటలును ముందే అడగండి. వేగ పరిమితి ఊళ్లలో మూడు దేశాల్లోనూ 50 కిలోమీటర్లు. ఊరి బయట జర్మనీ, ఆస్ట్రియాల్లో 100, ఇటలీలో 90. ఊరి పేరు బోర్డు దాటగానే 50కి తగ్గాలి, విడిగా అంకె రాయరు. మద్యం పరిమితి లీటరు రక్తానికి అర గ్రాము అయినా, కొండదారి ఉన్న రోజున అసలు తాగకపోవడమే సరైనది.

అప్పగించేటప్పుడు ట్యాంకు నింపి రసీదు ఉంచుకోండి, కారును నాలుగు వైపులా, చక్రాలను దగ్గరగా వీడియో తీసుకోండి. డిపాజిట్ తిరిగి రావడానికి రెండు, మూడు వారాలు పట్టవచ్చు.